మైకు పెద్దమ్మ చూపుడువేలు

పోయిన శుక్రవారం పొద్దున నారాయణఖేడ్ బస్టాండులో కల్హేర్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా బడి ఆ దారిలోనే ఉంది. బస్సు ఎంతకీ రాదు. ప్రార్థన గంటకు అందుకోనని తెలిసిపోయి లోలోపల తిట్టుకుంటున్నాను. అంతలో కంట్రోలర్ గదిలోంచి మైకు గరగరలాడి, "కంగ్టి... కంగ్టి... కల్హేర్..." అంది. ఎవరో కొత్తగా వచ్చిన మనిషి, ఒక్కో పేరు దగ్గర ఆగి ఆగి చదువుతున్నాడు. గిరుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఆమె ఉండదని నాకు తెలుసు. ఆమె పోయి నెల దాటింది. అయినా తిరిగి చూశాను.

ఊరంతా ఆమెను మైకు పెద్దమ్మ అనేది. పేరు లేక కాదు, ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. డిపో వెనక సందులో రేకుల షెడ్డు ఉండేది. అందులో నాలుగు హారన్లు, రెండు పెద్ద స్పీకర్ డబ్బాలు, మూడు యాంప్లిఫయర్లు, గోడ పొడుగూ మేకులకు వేలాడే వైరు చుట్టలు. పెండ్లయినా, జాతరయినా, ఓట్ల మీటింగయినా, మా చర్చి పండుగయినా మైకు సెట్టు ఆమెదే. మగవాళ్లు నడిపే సెట్లు ఊళ్లో ఇంకో మూడు ఉండేవి. వాళ్ల సెట్టు ఖరాబైతే వాళ్లూ ఆమె షెడ్డుకే మోసుకొచ్చేవాళ్లు, కాకపోతే ఎవరూ చూడకుండా వెనక దారిన వచ్చేవాళ్లు.

మైకు పరీక్షించేటప్పుడు లోకమంతా "హలో, హలో, ఒకటి, రెండు, మూడు" అంటుంది. ఆమె ఆ మాట అనగా నేను వినలేదు. మైకు ముందు నిలబడి ఊళ్ల పేర్లు చెప్పేది. మొదట కంగ్టి, తర్వాత కల్హేర్, చివరికి ఖేడ్. ఎందుకని ఒకసారి అడిగాను. "హలోల గాలి తప్ప ఏమున్నది బిడ్డా" అంది. కంగ్టి అన్నప్పుడు గట్టి అక్షరాల దగ్గర మైకు పగులుతుందో లేదో తెలిసిపోతుందట. కల్హేర్ నడుమ ఒక ఊపిరి ఉందట, అది చివరి వరుసలో కూర్చున్న ముసలామె చెవిన పడితే ఇక దేనికీ ఢోకా లేదట. ఈ మాట నేను బడిలో మైకు మీద పరీక్షించి చూశాను. అక్షరాలా నిజం.

పనిముట్లన్నీ నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని మోపెడ్ మీద తిరిగేది. అట్టడుగు గిన్నెలో మరలు, ఫ్యూజులు. దాని మీద సోల్డర్ తీగ, స్పిరిట్ సీసా, స్క్రూ డ్రైవర్లు. మూడోదాంట్లో ఒక చెవి విరిగిన పాత హెడ్‌ఫోన్. పై గిన్నెలో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ఎంత జల్దీ పనైనా ముందు విప్పేది పై గిన్నే. పెండ్లివారు పరేషాన్ అయిపోతుంటే, పంతులు గడియారం చూసుకుంటుంటే, ఆమె మూలన కూర్చుని రొట్టె తునకలు తుంచుకుని నములుతూ ఉండేది. ఆకలి మీద చెవి పనిచెయ్యదని ఆమె సిద్ధాంతం. తిడితే తిట్టనీ, తిన్నాకే లేచేది.

ఒక ఓట్ల మీటింగు సంగతి ఇప్పటికీ మా ఊళ్లో చెప్పుకుంటారు. ఒక పెద్ద నాయకుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, వెనక్కి తిరిగి, సౌండు పెంచమని చెయ్యి ఊపాడు. ఆమె కదల్లేదు. మళ్లీ ఊపాడు. చుట్టూ ఉన్న కార్యకర్తలు గాబరాపడి ఆమె మీదికి ఉరికొచ్చారు. ఆమె తాపీగా స్టేజి ఎక్కి, మైకు స్టాండును ఆయన మూతి దగ్గరికి జానెడు జరిపి, "మైకు మంచిగనే ఉన్నది, నువ్వే దూరమున్నవ్" అని దిగి వచ్చింది. అది కూడా మైకులో పడింది. జనం ఒకటే నవ్వు. ఆయనకూ నవ్వక తప్పలేదు. తర్వాతి మీటింగుకు మళ్లీ ఆమె సెట్టే పిలిపించారు.

అసలు పెంచమంటే ఆమెకు మండేది. "పెంచుడు పనిగాదు. పోయినకాడ దేవులాడాలె" అనేది. సౌండు తగ్గిందంటే అది ఎక్కడో పోయినట్టు లెక్క. పోయిన చోటు వెతికి పట్టుకోవాలి గాని, ఇంకో డబ్బా తెచ్చి పెడితే పోయింది తిరిగి రాదని ఆమె పట్టుదల. వెతకడం కూడా ఎప్పుడూ చివరి నుంచే మొదలుపెట్టేది. ముందు స్పీకర్, దాని వెనక యాంప్లిఫయర్, దాని వెనక వైరు, అన్నిటికంటె చివర మైకు. యాంప్లిఫయర్‌కు పెట్టిన వైరు రెండో కొసను చూపుడువేలితో తాకేది. స్పీకర్ బుర్రుమనేది. మనిషి ఒంటికి అంటుకుని ఉండే ఆ కాస్త కరెంటు చాలట, డబ్బా బాగుంటే బుర్రుమని తీరాలట. బుర్రుమంటే "గొంతున్నది" అని ముందుకు జరిగేది. ఏళ్ల తరబడి సోల్డర్ తగిలి కాలి కాలి ఆ వేలి కొస నల్లగా గట్టిపడిపోయింది. దవాఖానలో డాక్టరు గొట్టం పెట్టి చూసినదానికంటె ఆ వేలు పెట్టి చూసినదాని మీదే మాకు నమ్మకం ఎక్కువ.

ఈ పనంతా ఎక్కడ నేర్చుకున్నావు పెద్దమ్మా అని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేది. నాకు మాత్రం, "ఖరాబైనయే నేర్పినయ్" అంది. ఇంతకంటె ఆమె జీవితచరిత్ర నా దగ్గర లేదు. నేను చెప్పదలుచుకున్నది ఆమె నా చేతుల్ని నాకు తిరిగి ఇచ్చిన సంగతి. అది చెప్పేటప్పుడు కొంచెం గొప్పలు పోతాను. పోనీండి, ఆ హక్కు నాకుంది.

మా చర్చిలో ఒక పాత సింథసైజర్ ఉంది. నేను పుట్టకముందు ఎక్కడో పరదేశం నుంచి పాటల బృందం ఒకటి వచ్చి, మూడు రోజులుండి, పోతూ పోతూ దాన్ని ఇక్కడే ఇచ్చి పోయిందట. రెండు పక్కలా చెక్క, ముందు వరసల నిండా తిప్పే గుండీలు. ఇప్పటి కీబోర్డుల మాదిరి తెర లేదు, నొక్కగానే దానంతట అది మోగే తబలా లేదు. అనలాగ్ అంటారు దాన్ని. లోపల ఏ స్వరమూ రికార్డు చేసి పెట్టి ఉండదు, కరెంటు నుంచే అప్పటికప్పుడు స్వరం పుడుతుంది. మేమంతా సింతు అంటాం. ఆరాధనకు అరగంట ముందే స్విచ్ వేసి వేడెక్కనివ్వాలి, లేకపోతే రెండో కీర్తనకల్లా శ్రుతి జారుతుంది. ఎండాకాలమైతే మరీ మొండికేస్తుంది. నా తీరూ అంతే కాబట్టి దాంతో నాకు బాగానే కుదిరింది.

పదహారో ఏట ఆ సింతు ముందు కూర్చున్నాను. మా ఇంట్లో సంగీతం తెలిసినవాళ్లు లేరు. అమ్మానాన్నలు వారమంతా కందిచేలల్లో వంగి పనిచేసేవాళ్లు. ఆదివారం నేను ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం మా అమ్మ కొంగు సర్దుకుని, తల ఎత్తి, చుట్టూ ఒకసారి చూసేది. తర్వాత నాకు లెక్కల టీచర్ ఉద్యోగం వచ్చింది. బడిలోనూ కుర్చీ ఉంది. కాని అమ్మ తల ఎత్తి చూసిన కుర్చీ అదొక్కటే. పన్నెండేండ్లు దాన్ని ఎవరికీ వదల్లేదు.

అప్పుడు మొదలైంది నా కష్టం. సింతు చప్పుడు తగ్గుతూ వచ్చింది. మొదట చివరి వరుసకు వినబడలేదన్నారు. ఆరు నెలలు పోయాక నడిమి వరుస వాళ్లు అన్నారు. రెండేండ్లు నిండేసరికి పాట ఎత్తుకుంటే నేను వాయించేది నాకే వినబడేది కాదు. సౌండు గుండీ చివరిదాకా తిప్పే ఉండేది, యాంప్లిఫయర్ గుండీ కూడా అంతే. స్పీకర్‌లోంచి స్వరంకంటె ఎక్కువగా బుసే వచ్చేది.

మా చర్చి కమిటీ సెక్రటరీ మంచివాడే. ఆపదలో పిలిస్తే పరుగెత్తుకొస్తాడు. కాని ఒక మాట ఆయన నోట్లో పడిందంటే అరిగేదాకా వదలడు. ఆయనకు దొరికిన మాట, నా చెయ్యి మెత్తగా ఉందని. ఆడపిల్ల చెయ్యి కదా, దెబ్బ పడదని, గట్టిగా కొట్టాలని ప్రతి ఆదివారం చెప్పేవాడు. విన్నవాళ్లు తలూపేవాళ్లు. ఒకామె నాకు నువ్వుల నూనె రాసుకోమని కూడా చెప్పింది.

గట్టిగా కొట్టాను. ఎంత గట్టిగా అంటే బొటనవేలి గోరు చీలింది, వేళ్ల కొసలు పగిలి సుద్దముక్క పట్టుకుంటే మండేవి. గట్టిగా కొడితే నాకు పెద్దగానే వినబడినట్టు ఉండేది. అది సింతు మెట్లు, అంటే నొక్కే కీలు, కింది చెక్కకు తగిలే టకటక అని నాకు తట్టలేదు. లెక్కల టీచర్ని నేను. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోవద్దని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. నా చెయ్యి మెత్తదని పదిమంది అంటే మాత్రం రుజువు అడగకుండా నమ్మేశాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

కోతల పండుగ దగ్గరికొచ్చింది. కందులు, జొన్నలు ఇండ్లకు చేరాక ఒక ఆదివారం అందరూ తమ పంటలోంచి మొదటి భాగం చర్చికి తెస్తారు. జొన్న గంపలు, కంది కట్టలు, మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు, అన్నీ బలిపీఠం పక్కన, సింతు చుట్టూ పేరుస్తారు. కంగ్టి దిక్కు నుంచి, కల్హేర్ దిక్కు నుంచి ఆటోల నిండా జనం వస్తారు. ఆ పండుగకు పదిరోజుల ముందు సెక్రటరీ నన్ను పిలిచి ఖరాకండిగా చెప్పేశాడు. ఈ పండుగకు కూడా సింతు వినబడకపోతే దాన్ని తీసేసి కొత్త కీబోర్డు తెస్తారట. గట్టిగా కొట్టే చెయ్యిని ఒకదాన్ని చూసి కూర్చోబెడతారట. నేను సరేనన్నాను. ఇంటికెళ్లి కోపమంతా గిన్నెల మీద చూపించాను. మా అమ్మకు చెప్పలేదు.

పండుగకు మైకు సెట్టు ఎప్పటిలాగే పెద్దమ్మది. గురువారం మధ్యాహ్నం వైర్లు ఎటు లాగాలో చూసుకోవడానికి వచ్చింది. నేను బడి నుంచి ముందుగా వచ్చి, జనం లేని చర్చిలో సింతును బాదుతూ కూర్చున్నాను. గంట కొట్టే తాత కిటికీలు తుడుస్తున్నాడు. చర్చిని కనిపెట్టుకుని ఉండేది ఆయనే. పెద్దమ్మ వెంట వచ్చిన సెక్రటరీ, సింతు కోసమని ఈసారి పెద్ద డబ్బా ఒకటి అదనంగా తెమ్మని అడిగాడు. మిషన్ మంచిదేనని, టీచర్ చెయ్యే జర మెత్తదని నా ముందే చెప్పాడు.

పెద్దమ్మ నా దిక్కు తిరిగి "హౌదా?" అంది. ఆమె పుట్టిల్లు కంగ్టి అవతల కన్నడ దిక్కు, అవునూ కాదులు అటువైపువే వచ్చేవి. నేను తల దించుకున్నాను. పెద్దమ్మ నన్ను ముందు వాయించమంది. సగం కాదు, కీర్తన మొత్తం. నేను వాయిస్తుంటే స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది, తర్వాత చివరి వరుసదాకా నడిచి వెళ్లి అక్కడ కూర్చుని వింది. పాట అయ్యాక వచ్చి నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. చీలిన గోరు మీద ఆమె చూపు ఆగింది.

"రా సెక్రటరీ సాబ్" అంది. "నీ చెయ్యి గట్టిదే గద. నువ్వు కొట్టు."

ఆయన నవ్వుతూ వచ్చి ఒక మెట్టును బొటనవేలితో, ఒంటి బరువంతా వేసి ఒత్తాడు. కింది చెక్క కిర్రుమంది. స్పీకర్‌లోంచి సన్నగా, దోమ పాటంత చప్పుడు వచ్చింది. ఇంకోసారి ఒత్తమంది. ఒత్తాడు. మళ్లీ అదే. అప్పుడు పెద్దమ్మ చెవి మీది పెన్సిల్ తీసి, దాని కొసతో అదే మెట్టును సుతారంగా నొక్కింది. అంతే చప్పుడు వచ్చింది, వెంట్రుకవాసి తేడా లేదు.

"గా గోడ మీది లైటు స్విచ్ గట్టిగ ఒత్తు పో" అంది సెక్రటరీతో. "వెలుగు ఎక్కువొస్తదేమో చూద్దం."

ఆయన పోలేదు.

"ఇది గూడ గంతే. ఒత్తితె కలుస్తది, ఇడిస్తె తెగుతది. చేతి బలం దీనికి తెల్వది. రెండేండ్ల సంది ఉత్తగనే ఈ పిల్ల చేతులకు పేరు పెట్టిన్రు."

గొంతు పెంచలేదు ఆమె. ఎప్పుడూ పెంచేది కాదు, అందరికీ గొంతులు అమర్చే మనిషి తాను మాత్రం పక్కవాడికి వినబడేంతే మాట్లాడేది. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు, ఏడ్చాను. సెక్రటరీ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

నా ఏడుపు సంగతి పట్టించుకోకుండా ఆమె పై గిన్నె విప్పి రొట్టె తిన్నది. తిన్నాక చేతులు కడుక్కుని పని మొదలుపెట్టింది. సింతుకు పెట్టిన వైరు ఊడదీసి దాని కొస మీద చూపుడువేలు పెట్టింది. స్పీకర్ బుర్రుమని అరిచింది, కిటికీ అద్దాలు అదిరాయి. గొంతుంది. అంటే స్పీకర్ తప్పు లేదు, యాంప్లిఫయర్ తప్పు లేదు, వైరు తప్పు లేదు. పోయింది సింతులోనే. ఇక లోపల పుట్టినప్పుడే సన్నగా పుడుతోందా, బయటికొచ్చే దారిలో పోతోందా అన్నది తేలాలి. మూడో గిన్నెలోంచి హెడ్‌ఫోన్ తీసి, సింతు వెనక దాని కోసం ఉన్న వేరే రంధ్రంలో పెట్టి నన్ను వాయించమంది. ఒక నిమిషం విన్నది. తర్వాత దాన్ని తీసి నా చెవికి పెట్టింది.

రెండేండ్ల తర్వాత నా వాయింపు నేను విన్నాను. నిండుగా ఉంది. కింది స్వరాలు కడుపులో మోగాయి. లోపల ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్లూ బయటికి రాలేక ఉండిపోయిందా అనిపించి, నవ్వో ఏడుపో తెలియనిది వచ్చింది. స్వరం బాగానే పుడుతోంది. పోతున్నది బయటికి పంపే రంధ్రం దగ్గర. కుట్టుపని చేసేవాళ్లు వదులైన కుట్టును గోటితో పట్టి చూపించినట్టు, ఆమె ఆ ఒక్క రంధ్రం మీద వేలు పెట్టి చూపించింది.

మరలు విప్పి వెనక రేకు తీసింది. ఆ రంధ్రం లోపల వైరు కొసను పట్టుకునే చిన్న రాగిరేకు ఒకటి ఉంటుంది. అది ఉన్న చోట నల్లటి ముద్ద కనిపించింది. పుల్లతో కొంచెం గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకు కూడా వాసన చూపించింది. కొబ్బరినూనె. అందులో కలిసి మెత్తగా నూరినట్టున్నది కంది పొట్టు. ప్రతి పండుగకూ కంది కట్టలు పేర్చేది సింతు చుట్టే కదా. ఆ దుమ్మంతా నూనెకు అంటుకుని రేకుకు, వైరుకు నడుమ గోడ కట్టేసింది. పొట్టు వచ్చిన దారి తెలిసింది. నూనె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు.

కిటికీ దగ్గర తాత చేతిలో గుడ్డ కిందపడింది. దాన్ని అక్కడే వదిలేసి ముందుకొచ్చాడు. మూడేండ్ల నుంచి ప్రతి శనివారం గంట కొక్కేనికి నూనె వేసేటప్పుడు సింతు రంధ్రాల్లో కూడా తలా రెండు చుక్కలు వేస్తున్నాడట. తుప్పు పట్టి దేవుని పాట ఆగిపోవద్దని వేశాడట. హెడ్‌ఫోన్ రంధ్రంలో ఎందుకు వెయ్యలేదో తెలుసా? దానికి రబ్బరు మూత ఉంది, అందుకు. సెక్రటరీ మొహం ఎర్రబడింది. ఇంతకాలం నన్ను అన్నదంతా ఇప్పుడు తాత మీదికి మళ్లించేవాడే. నోరు తెరవనే తెరిచాడు.

పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "చూసుకునేటోన్ని తిడితె రేపటి సంది ఎవలు చూసుకోరు" అంది. అని, తాత చేతికి టార్చి ఇచ్చి సరిగ్గా లోపలికి వేసి పట్టుకొమ్మంది. కాగితం సన్నగా చింపి, మడిచి, స్పిరిట్‌లో ముంచి, ఆ రేకు కిందికి పోనిచ్చి లాగింది. నల్లగా వచ్చింది. ఇంకో ముక్క. ఇంకోటి. ఎన్ని ముక్కలు లాగిందో నేను లెక్కపెట్టలేదు, చివరిది తెల్లగా వచ్చేదాకా లాగింది. తాత టార్చి వెలుగు ఒక్కసారి కూడా కదల్లేదు. మధ్యలో ఆయనకు పాఠం కూడా అయింది. నూనె గంటకు, సింతుకు పొడి గుడ్డ, నెలకొకసారి స్పిరిట్ కాగితం. తాత ప్రతి మాటకూ బడి పిల్లాడిమల్లే తలూపాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ పని ఆయనే చేశాడు, నన్ను కూడా ముట్టనిచ్చేవాడు కాదు.

వెనక రేకు మూసి, వైరు పెట్టే ముందు ఆమె ముందుగా యాంప్లిఫయర్ గుండీని పావు దాకా తగ్గించింది. తగ్గిస్తున్నారేంటని సెక్రటరీ అడగబోయి ఊరుకున్నాడు. అప్పటికి ఆయనకు కూడా బుద్ధొచ్చింది. నన్ను ఒకే ఒక మెట్టు నొక్కమంది. నొక్కాను. చర్చి నిండిపోయింది. బల్లల చెక్క గుయ్యిమంది, పైన రేకుల మీది పావురాలు లేచిపోయాయి. నేను చెయ్యి తీసేశాను, భయంతో. మళ్లీ పెట్టాను. ఈసారి తియ్యలేదు.

సామాను సర్దుకుంటూ ఆమె నా దగ్గరికొచ్చి చిన్నగా చెప్పింది. "ఒక మాట ఇను బిడ్డా. ఇన్నొద్దులు నీ తప్పులు గూడ ఎవలకు ఇనబడలే. ఇగ అన్నీ ఇనబడతయ్. భయమైతె చెప్పు, జర తక్కువ పెట్టి పోత."

నాకు నిజంగానే భయమైంది. అబద్ధం ఎందుకు? రెండేండ్లుగా నేను ఎన్నిచోట్ల జారానో నాకే తెలియదు. వినబడకపోవడంలో ఒక సుఖం కూడా ఉంటుంది, దానికి అలవాటు పడ్డానని ఆమె అడిగిన ఆ క్షణంలోనే తెలిసింది. కంగ్టి నుంచి, కల్హేర్ నుంచి వచ్చే జనం కళ్ల ముందు మెదిలారు. మా అమ్మ మెదిలింది.

"వద్దు పెద్దమ్మా. ఇట్లనే ఉండనీ" అన్నాను.

ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బ ఆదివారం దాకా ఉంది.

పండుగనాడు చర్చి లోపల చోటు చాలక సగం జనం బయట టెంటు కింద కూర్చున్నారు. కంది కట్టలను తాత దగ్గరుండి సింతుకు నాలుగడుగుల అవతల పేర్పించాడు. మొదటి కీర్తన ఎత్తుకున్నాను. సింతు పలికిన పలుకుకు ముందు వరుస పిల్లలు ఉలిక్కిపడి నా దిక్కు చూశారు. జనం గొంతులు కూడా దానితోపాటు లేచాయి. ఇన్నాళ్లూ వాళ్లు నా వాయింపు వినబడాలని మెల్లగా పాడుతూ వచ్చారని నాకప్పుడే తెలిసింది. మా అమ్మ కొంగు సర్దుకుంది. గర్వం పాపమని ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను. ఆ పొద్దు నేను ఆ పాపం కడుపునిండా చేశాను.

రెండో కీర్తన మూడో చరణంలో నా ఉంగరపు వేలు పక్క మెట్టు మీద పడింది. అయ్యో అనుకునేలోపే తప్పు స్వరం చర్చిలోంచి టెంటులోకి, టెంటులోంచి రోడ్డు మీదికి పోయింది. పాడేవాళ్లలో కొందరు తడబడ్డారు. సెక్రటరీ తల తిప్పి చూశాడు. నా చెవులు కాలిపోయాయి. చేతులు వెనక్కి తీసుకోవాలనిపించింది. వాకిట్లో యాంప్లిఫయర్ పక్కన కూర్చున్న పెద్దమ్మ కనిపించింది. ఆమె చెయ్యి గుండీ మీదికి పోలేదు, ఒళ్లోనే ఉంది. నేను తప్పు మెట్టు వదిలి సరైనదాన్ని నొక్కాను, అంతే నిండుగా. పాట దారిలో పడింది. ఆమెన్ దాకా మళ్లీ జారలేదు.

ఆరాధన అయ్యాక బయట జొన్న గంపలకు, కోళ్లకు వేలంపాట మొదలైంది. నేను చర్చి మెట్ల దగ్గర పెద్దమ్మ పక్కన నిలబడి ఆమె చుట్టే వైరుకు ఒక కొస పట్టుకున్నాను. ఆమెకు చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. అంతలో సెక్రటరీ జనాన్ని తప్పించుకుంటూ మా దగ్గరికొచ్చాడు. వచ్చి, కొంచెంసేపు తన చెప్పుల దిక్కు చూసుకున్నాడు.

"టీచర్, మూడో చరణంల ఒకకాడ తప్పువడ్డది" అన్నాడు.

"ఇనబడ్డదా?" అన్నాను.

"గేటు దాక ఇనబడ్డది."

ఆయన దాన్ని తప్పు పట్టడానికే అన్నాడు. ఇన్నేండ్లలో నా వాయింపుకు అంతకు మించిన మెప్పు నాకు దొరకలేదు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకు అర్థం కాలేదో, అయిందో, ఆయన మొహం కూడా కొంచెం సడలింది. పోబోయి మళ్లీ తిరిగాడు.

"వచ్చే ఆదివారం గా చరణం మంచిగ సాధన చేసి రా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మైకు పెద్దమ్మ వైరు చుట్ట భుజానికి వేసుకుంటూ, "హౌదు, వస్తది" అంది.